నువ్వు గదిలో ఉంటే వాడు తాగడు

రాగిణి పాలు పిండుకుని దాచడం మొదలుపెట్టింది మార్చి చివర్లో. దిగపహండిలో ఆమె పాఠాలు చెప్పే ఇంగ్లీషు మీడియం బడికి తిరిగి వెళ్లాల్సిన రోజు దగ్గరపడుతోంది. బరంపురంలో పొద్దున్నే బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేది సాయంత్రమే. ఈలోగా నాలుగు నెలల శరత్‌కి పాలెవరిస్తారు? అందుకే ఒక చిన్న మోటారు పంపు కొనుక్కుంది. మధ్యగదిలో తలుపు చేరవేసుకుని కూర్చుంటే, ఆ పంపు గుర్రు గుర్రుమని చేసే చప్పుడు వంటింటిదాకా వినిపించేది. పిండిన పాలు పల్చటి ప్లాస్టిక్ సంచుల్లో పోసి, మూతులు నొక్కి, ఫ్రీజర్లో ఐసు ట్రే వెనక వరసగా పడుకోబెట్టేది.

దాచడం సులువుగానే అయింది. తాగించడమే కాలేదు. శరత్ పాలసీసా చూస్తే చాలు నోరు బిగించేసేవాడు. రబ్బరు పీక పెదవికి తగిలితే వెన్ను విల్లులా విరిచి, మొహం కందగడ్డ చేసుకుని కేకలు. పిల్లల డాక్టరమ్మని అడిగితే, తల్లి కాకుండా ఇంకెవరైనా పట్టాలనీ, ఆ సమయానికి తల్లి గదిలోనే ఉండకూడదనీ చెప్పింది. తల్లి వాసన తగిలితే పసివాళ్లు సీసాకి లొంగరట.

ఆ పని భర్త మోహనకృష్ణ మీద పడింది. అతను ఊళ్లోనే ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాడు. కాలేజీ నుంచి రాగానే చేతులు కడుక్కుని, కొడుకుని ఒళ్లో వేసుకుని, సీసా పట్టుకుని కూర్చునేవాడు. రాగిణి వెళ్లి వీధరుగు మీద కూర్చునేది. కానీ ఎంతసేపని? పిల్లాడు కేరుమనగానే వచ్చి మధ్యగది గుమ్మం పక్కన నక్కి నిలబడేది. చూడకపోయినా వాడికి తెలిసిపోయేది. తల అటే తిప్పేవాడు.

"నువ్వు గదిలో ఉంటే వాడు తాగడు రాగిణీ. బయటికెళ్లు," అనేవాడు మోహన్.

"ఎల్తన్నానండీ బాబూ. నా ఇంట్లోంచి నన్నే గెంటేత్తన్నారు," అని నవ్వుతూ వెళ్లేది. ఏడుపు ఆగకపోతే మళ్లీ వచ్చి, పిల్లాణ్ణి లాక్కుని గుండెకి హత్తుకునేది. "ఈడు సీసా పడితే గానీ నానెక్కడికీ ఎల్లలేను. ఆ బడోళ్లకి ఏటని సెప్పనూ?" అనేది.

ఏప్రిల్ మొదట్లో ఒకరోజు పొద్దున్న తల పగిలిపోతోందంది. మంచం అంచున కూర్చుని పిల్లాడికి పాలిచ్చింది. వాణ్ణి పక్కన పడుకోబెట్టి, తనూ అలా ఒరిగింది. మోహన్ మాత్ర, మంచినీళ్లు పట్టుకొచ్చేసరికి కళ్లు తెరిచే ఉన్నాయి గానీ పలకలేదు. పెద్దాసుపత్రికి చేర్చారు. మెదడులో నరం చిట్లిందన్నారు. మర్నాడు మధ్యాహ్నానికి అంతా అయిపోయింది.

*

ఆ ఇల్లు బరంపురం పాత సాహిల్లో, ఆ ఇరుకు వీధుల్లో, ఉండే ఇళ్లలాగే పొడుగ్గా ఉంటుంది. వీధి నుంచి పెరటిదాకా గదులు ఒకదాని వెనక ఒకటి. ముందు గదిలో నిలబడితే నాలుగు గుమ్మాల అవతల పెరట్లో ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. చావింటికి వచ్చిన ఆడవాళ్లు ఆ గదులన్నింటా కూర్చున్నారు. శరత్ ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి మారుతూ, ప్రతి ఒక్కరి రొమ్ముకీ మొహం రాస్తూ, వెతికి, కాదని తెలుసుకుని, గొంతు పోయేలా ఏడ్చాడు.

రాగిణి బడికెళ్లే వేళకి రావాల్సిన మోహన్ తల్లి అమ్మడు ఊరి నుంచి ముందే వచ్చి, వెంట తెచ్చిన వెండి ఉగ్గుగిన్నె తీసింది. మోహన్ చిన్నప్పటిది. డబ్బాపాలు కలిపి దానితో పట్టబోతే, నాలుగు చుక్కలు గొంతులోకి, మిగతావి మెడ మీదికి. పొలమారి నీలంగా అయ్యేవాడు. పురుషోత్తంపూర్ నుంచి వచ్చిన రాగిణి తల్లి వరలక్ష్మి సీసాతో ప్రయత్నించింది. అదే బిగించిన నోరు, అదే విరిచిన వెన్ను. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టు నిద్రపోవడం, లేచి మళ్లీ ఏడవడం.

అస్థికలు గోపాలపూర్ సముద్రంలో కలిపి, తడి పంచెతోనే తిరిగొచ్చాడు మోహన్. అమ్మడు గుమ్మంలోనే ఎదురైంది. మొహంలో నెత్తురు లేదు.

"ఏటైందమ్మా? శరత్‌కి బాగానే ఉందా?"

"ఇప్పుడే నవ్వేడురా."

"నవ్వితే మంచిదే కదా."

"ఏడుత్తూ ఏడుత్తూ ఠక్కుమని ఆగిపోయేడు. మధ్యగది గుమ్మం కేసి సూసి నవ్వేడు. చేతులు సాపేడు. ఆడ ఎవురూ లేరు." ఆమె గొంతు తగ్గించింది. "ఆ పిల్ల ఎల్లలేదురా. ఇంట్లోనే ఉంది. గుంటణ్ణి ఒగ్గి ఎల్లలేక ఉండిపోయింది."

మోహన్ కాలేజీలో రోజూ పిల్లలకి పరీక్షనాళికలు పట్టుకుని పాఠం చెప్పేవాడు, ఇలాంటి మాటలకి నవ్వేసేవాడు. ఆ రోజు నవ్వు రాలేదు. పంచె మార్చుకోవడానికి లోపలికి వెళ్తుంటే మధ్యగదిలోంచి సన్నగా గుర్రు గుర్రుమని వినిపించింది. కాళ్లు అక్కడే నిలిచిపోయాయి. కాసేపటికి తెలిసింది, అది వంటింట్లో ఫ్రిజ్ మోటారు.

అప్పుడు గుర్తొచ్చింది. లేదు, గుర్తు రావడం కాదు. మొదటి రోజు నుంచీ అతనికి తెలుసు. ఆ వైపు చూడకుండా తిరుగుతున్నాడంతే. వెళ్లి ఫ్రీజర్ తలుపు తీశాడు. ఐసు ట్రే వెనక ఆ సంచులు, ఆమె ఎలా పేర్చిందో అలాగే, ఒకదానికొకటి ఒరిగి. ఒకదాన్ని ముట్టుకున్నాడు. చలికి వేలు అంటుకుంది. విడిపించుకుని తలుపు మూసేశాడు.

ఎవరితోనూ చెప్పలేదు.

ఆ తర్వాత రోజుకి ఎన్నిసార్లో ఆ తలుపు తీసి చూసేవాడు. మనిషి బూడిదై సముద్రంలో కలిసిపోయింది. ఆమె ఒంట్లోంచి వచ్చినది ఈ ఇంట్లో ఇంకా మిగిలి ఉంది అంటే అదొక్కటే. పిల్లాడికి పడితే రెండు మూడు రోజుల్లో అదీ ఉండదు. తప్పని తెలుసు. వాడి ఏడుపు వింటుంటే ఇంకా బాగా తెలుసు. అయినా ఆ తలుపు తీసిన ప్రతిసారీ ఏమీ తీయకుండానే మూసేవాడు. దానికి తోడు ఆమె అన్న మాట ఒకటి చెవిలో తిరుగుతూనే ఉండేది. వీడు సీసా పడితే గానీ నేనెక్కడికీ వెళ్లలేను. అయితే పట్టనంతకాలం ఇక్కడే ఉంటుందా? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఒళ్లు జలదరించేది. అది భయమే అనుకునేవాడు. భయం ఒక్కటే కాదు.

*

శరత్ పెదవులు ఎండిపోయాయి. ఏడ్చినా కన్నీళ్లు రావడం లేదు. వరలక్ష్మి భయపడి, "బాబూ, ఇంక ఆగకూడదు," అని ఆటో పిలిపించింది. మైలలో ఉన్నాడు, మోహన్ బయటికి ఎలా వెళ్తాడని ఎవరో అన్నారు. అతను వినిపించుకోలేదు.

డాక్టరమ్మ శరత్‌ని తూకం వేసి, నడినెత్తి మీద వేలుతో నొక్కి చూసింది. రాగిణి సంగతి తెలిసి వాడి తల నిమిరింది. తర్వాత ఒడియాలో నెమ్మదిగా చెప్పింది. బాగా తగ్గిపోయాడు. ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా, ఓపిగ్గా పట్టండి. సీసా కూడా వదలకండి, కానీ ప్రతిసారీ నీళ్లలో మరిగించాలి. బలవంతంగా నోట్లో కుక్కకండి, దానివల్ల ఇంకా భయపడతాడు. రేపటికీ ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించాలి.

ఆపైన తలెత్తి అడిగింది. "తల్లి పాలేమైనా తీసి ఉంచిందా? అప్పట్లో పంపు గురించి నన్ను అడిగినట్టు గుర్తు."

"లేదండీ," అన్నాడు మోహన్.

"ఉండి ఉంటే బాగుండేది. ఆ రుచి, వాసన వాడికి తెలుసు కదా. మొదట అవి పట్టి, తర్వాత కొద్ది కొద్దిగా డబ్బాపాలు కలుపుతూ పోతే అలవాటు పడేవాడు."

తిరుగు దారిలో ఆటోలో వరలక్ష్మి మనవణ్ణి కొంగులో చుట్టుకుని, "అయ్యో, ఒక్క గుక్కెడు దాసి ఉంటే ఎంత బాగుండునమ్మా," అని ఎవరికో చెప్పుకుంటున్నట్టు అంటూనే ఉంది. మోహన్ రోడ్డు కేసి చూస్తూ కూర్చున్నాడు. ఇల్లు చేరగానే తీసి ఇచ్చేయాలి అనుకున్నాడు. ఇల్లు చేరాక, అమ్మ అన్నం తినమంది. తిన్నాక అనుకున్నాడు. తినలేదు, చెప్పనూ లేదు.

మధ్యాహ్నం దాటాక పడమట నల్లగా మబ్బు పట్టింది. ఏప్రిల్లో వచ్చే గాలివాన, ఒడియా వాళ్లు కాలబైశాఖి అంటారే, అది ఒక్కసారిగా విరుచుకుపడింది. వీధి చివర ఏదో పెళపెళమని విరిగి పడింది. కరెంటు పోయింది. పెరట్లో రేకులు ఎగిరిపడుతున్నాయి. ఫ్యాన్లు ఆగిపోయిన ఇంట్లో పిల్లాడి ఏడుపు మరీ పెద్దగా వినిపించింది. పెద్దగా అంటే గట్టిగా కాదు. వాడికి గట్టిగా ఏడ్చే ఓపిక కూడా లేదు. మేకపిల్లలా సన్నగా.

పక్కింటి స్మిత తలుపు దగ్గర నుంచే అరిచింది. ఫీడరు లైను తెగిపోయిందట, కరెంటు రేపటిదాకా రాదట.

గంట గడిచేసరికి, పాలు, పెరుగు పాడవుతాయని వరలక్ష్మి ఫ్రిజ్ తీసింది. ఐసు కరిగి నీళ్లు కారుతున్నాయి. ట్రే బయటికి లాగింది. వెనకనున్నవి కనిపించాయి. ఒకటి తీసి వెలుతురుకి పట్టుకుని చూసింది. అంచుల్లో కరిగి, నడుమ ఇంకా గడ్డగా ఉంది.

"ఇయ్యేటి బాబూ?"

మోహన్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చెప్పక్కర్లేకపోయింది. వరలక్ష్మి ఆ సంచిని రెండు చేతులతో చెంపకి ఆనించుకుంది. నీళ్లు ఆమె మెడ మీదుగా జారాయి.

"డాట్రమ్మ అడిగింది కదా నాయనా," అంది. "నా ఎదరే అడిగింది. లేవన్నావు."

"ఇస్తే అయిపోతాయి అత్తయ్యా."

తిడుతుందనుకున్నాడు, తిట్టినా బాగుండేది. ఆమె అతని మొహం కేసి చూసి, చూపు తిప్పుకుని, "కరిగిపోతన్నాయి. ఇయ్యకపోయినా అయిపోతాయి," అంది.

ఈ మాటలు విని అమ్మడు వంటింట్లోకి వచ్చింది. సంచి చూసి, సంగతి తెలిసి, అడ్డంగా నిలబడింది.

"వద్దు వదినా. సచ్చిపోయిన మనిషి పాలు. పెరట్లో పారబొయ్యండి."

"నా కూతురు బతికుండగా తీసిన పాలు వదినా. సచ్చేక కాదు."

"నాకు తెలుసును. నాకూ అది కోడలే, కాదన్నానా? కానీ అది ఇంకా ఇంట్లో తిరుగుతంది. గుంటడు రోజూ ఆ గుమ్మం కేసి సూసి చేతులు సాపుతన్నాడు. మీరూ సూసేరు." అమ్మడు సంచి కేసి వేలు చూపించింది. "ఆ పాలు నోట్లో పడితే ఆణ్ణి ఒగ్గదు. కూడా పట్టుకుపోద్ది. నాకు ఉన్న మనవడు ఈడొక్కడే."

"ఆకలితో పోతాడు వదినా ఇలగే ఉంటే! దాని కంటే ముందు ఆకలి పట్టుకుపోద్ది!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఏడ్చారు. మోహన్ అత్తగారి చేతిలోంచి సంచి తీసుకున్నాడు.

"పాలు పడదాం అమ్మా," అన్నాడు. "నేనే దాచాను. నేనే పడతాను."

*

గ్యాసు పొయ్యి మీద సీసా, పీక మరిగించారు. గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో సంచి ఉంచితే పాలు నెమ్మదిగా కరిగాయి. పైన పల్చటి మీగడ తేలింది. సంచి మూతి తెరవగానే ఆ వాసన. మోహన్ కళ్లు మూసుకున్నాడు. అరగంట క్రితం వరకు ఆ గదుల్లో ఆమె ఉందేమో అనే అనుమానం. ఇప్పుడు అనుమానం లేదు.

ముందు వరలక్ష్మి పట్టింది. తల్లి గుడ్డ ఉంటే ఊరుకుంటాడని, రాగిణి చివరిసారి విడిచిన నైటీ ఉతక్కుండా దాచిపెట్టుకుందామె. దాన్ని భుజాన వేసుకుని ఒళ్లోకి తీసుకుంది. అదే తప్పయింది. శరత్ ఆ గుడ్డలో మొహం దూర్చి పిచ్చిపట్టినట్టు వెతికాడు. గుడ్డని నోటితో లాగాడు. వాసన ఉంది, మనిషి లేదు. పీక తగలగానే తల విదిలించి, ఉన్న ఓపికంతా పెట్టి ఏడ్చాడు. పాలు చెంప మీదుగా నైటీలోకి ఇంకిపోయాయి.

"ఇటివ్వండి అత్తయ్యా. ఆ గుడ్డ వద్దు, తీసేయండి."

మోహన్ కొడుకుని ఎత్తుకున్నాడు. ఒళ్లో పడుకోబెడితే పాలిచ్చే వేళే గుర్తొస్తుంది వాడికి. అందుకని వీపు తన గుండెకి ఆనేలా, మొహం బయటికి ఉండేలా పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. ముందు గది నుంచి వంటిల్లు, వంటింటి నుంచి ముందు గది. వాన చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించడం లేదు. పట్టపగలే దీపాలు పెట్టాల్సినంత చీకటి. పీకని గోరువెచ్చటి నీళ్లలో ముంచి, వాడి కింది పెదవికి తాకించి, తీసేవాడు. మళ్లీ తాకించేవాడు. లోపలికి తోయలేదు. ఒక చుక్క పెదవి మీద పడింది. శరత్ నాలిక బయటికొచ్చి దాన్ని అందుకుంది. ఏడుపు ఆగింది.

సరిగ్గా అప్పుడు వాడు తల తిప్పాడు. తండ్రి మోచేతి మీదుగా, వెనక్కి, మధ్యగది గుమ్మం కేసి. చేతులు చాపాడు. గొంతులో చిన్న కూత, అమ్మ వస్తుంటే చేసే కూత.

మోహన్ వెనక్కి తిరగలేదు. అక్కడ ఉంది. గుమ్మం పక్కన, ఎప్పుడూ నక్కి నిలబడే చోట, ఒక చెయ్యి తలుపు మీద వేసి. తిరిగి చూస్తే కనిపిస్తుందని అతనికి అనిపించింది. తిరిగి చూస్తే వెళ్లమని చెప్పలేననీ అనిపించింది. పిల్లాడు పీకని మర్చిపోయి అటే ఒరుగుతున్నాడు.

"రాగిణీ," అన్నాడు.

వంటింట్లో ఆడవాళ్లిద్దరూ బిగుసుకుపోయారు.

"రాగిణీ, నువ్వు గదిలో ఉంటే వాడు తాగడు. బయటికెళ్లు."

గొంతు మామూలుగానే వచ్చింది. రోజూ చెప్పినట్టే వచ్చింది. "వాడు ఆకలితో ఉన్నాడు. నీ పాలే. నేను పడుతున్నాను. నువ్వు కాసేపు అరుగు మీద కూర్చో. బయటికెళ్లు."

అప్పుడు అమ్మడు లేచింది. అంత భయస్తురాలు, కొంగు నడుముకి దోపి, కొడుకు పక్కనుంచి నడిచి, మధ్యగది దాటి, ముందు గదిలోకి వెళ్లింది. వీధి తలుపు గడియ తీసి, రెండు రెక్కలూ బార్లా తెరిచింది. గాలి, జల్లు లోపలికి కొట్టాయి. ఆమె తలుపు వారగా ఒదిగి నిలబడింది, పెద్ద మనిషికి దారి ఇస్తున్నట్టు.

"ఎల్లమ్మా," అంది. "నీ కొడుకుని నాను సూసుకుంటాను. నీ పాలు నానే పడతాను. బెంగెట్టుకోకుండా ఎల్లు తల్లీ."

గాలికి మధ్యగది తలుపు ఒకసారి కదిలి, గోడకి కొట్టుకుని, ఆగింది. అంతే జరిగింది. ఇంకేమీ జరగలేదు. శరత్ ఆ గుమ్మాన్ని ఇంకొంచెంసేపు చూశాడు. తర్వాత వాన పడుతున్న వీధి వైపు చూశాడు. చాపిన చేతులు కిందికి దిగాయి.

మోహన్ పీకని మళ్లీ వాడి పెదవికి తాకించాడు. నోరు తెరుచుకుంది. ఒకసారి నమిలాడు. వదిలేశాడు. మళ్లీ పట్టాడు. తర్వాత సీసాలో ఒక బుడగ పైకి లేచింది, దాని వెనక ఇంకొకటి. వాడి గొంతు కదలడం మోహన్‌కి అరచేతి కింద తెలిసింది. వరలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నేల మీద కూలబడింది.

సీసా ఖాళీ అయ్యేదాకా అమ్మడు ఆ జల్లులో తలుపు పట్టుకుని తడుస్తూ నిలబడే ఉంది.

*

కరిగిన పాలు మళ్లీ గడ్డకట్టించకూడదు. మర్నాటికల్లా ఆ సంచులన్నీ వాడేయాల్సి వచ్చింది. స్మిత బజారు నుంచి ఐసు తెచ్చిస్తే, డబ్బాలో పెట్టి కాపాడుకున్నారు. మొదటి సీసాలు పూర్తిగా తల్లి పాలే. తర్వాత కొంచెం డబ్బాపాలు కలిపారు. శరత్ మొహం చిట్లించి, ఆగి, తాగాడు. తర్వాత సగం సగం. చివరి సంచిలో మిగిలినవి కొద్ది చుక్కలు. వాటిని డబ్బాపాలలో కలిపేటప్పుడు మోహన్ గిన్నె మీద వంగి వాసన చూశాడు. ఏదీ తెలియలేదు. పిల్లాడు మాత్రం గుటగుటా తాగేసి నిద్రపోయాడు. ఆ తర్వాతి సీసాలో రాగిణి లేదు. వాడికి తేడా తెలియలేదు.

పెద్దకర్మ అయింది. శరత్ ఒళ్లు చేశాడు. అమ్మడు రోజూ పొద్దున్నే సీసాలు మరిగించి, గుడ్డ మీద బోర్లించి, ఇంకొకర్ని ముట్టుకోనిచ్చేది కాదు. ఆ పాలు పారబోయమన్న సంగతి ఆమె గానీ వరలక్ష్మి గానీ మళ్లీ ఎత్తలేదు. శరత్ ఇప్పుడు ఎవరి చేతిలోనైనా తాగుతున్నాడు. స్మిత చేతిలో కూడా. మధ్యగది గుమ్మం కేసి చూడటం పూర్తిగా మానేశాడు.

చూసేది మోహనే. కాలేజీ నుంచి వచ్చి, కొడుక్కి పాలు పట్టి, ఆ గుమ్మానికి ఎదురుగా కూర్చునేవాడు. వీధి తలుపు తీసే ఉంచేవాడు. దోమలొస్తున్నాయని తల్లి మూస్తే లేచి మళ్లీ తీసేవాడు. ఒకరోజు సాయంత్రం అమ్మడు వచ్చి పక్కన కూర్చుంది.

"ఎందుకురా ఆ తలుపు?"

"నేనే పొమ్మన్నానమ్మా."

"పొమ్మనలేదు నాయనా. గుంటడు తాగాలని బయటికెల్లమన్నావు."

"అదే. కాసేపే వెళ్లమన్నాను. ఎప్పుడు వెళ్లినా, వాడు ఊరుకోగానే లోపలికొచ్చేసేది. తాగాడా అని అడిగేది." అతను వీధి తలుపు కేసి చూశాడు. "వాడు తాగేశాడు కదమ్మా. మరి రాదేం?"

అమ్మడు కొడుకు వీపు మీద చెయ్యి వేసి, చీకటి పడేదాకా అలాగే కూర్చుంది. ఆ రాత్రి తలుపు వేసింది ఆమె కాదు. అతనే లేచి వేశాడు. ఎప్పుడు వేశాడో ఆమె చూడలేదు.

*

జూన్లో శరత్‌కి అన్నప్రాశన చేశారు. పెద్దగా ఎవరినీ పిలవలేదు. పరమాన్నం నాలిక మీద పెడితే వాడు మొహం వికారంగా పెట్టి, వరలక్ష్మి కళ్లజోడు మీద ఉమ్మేశాడు. ఆవిడ ఫక్కున నవ్వింది. వెంటనే తప్పు చేసినట్టు నోరు మూసుకుని వియ్యపురాలి కేసి చూసింది. అమ్మడూ నవ్వుతోంది. ఇద్దరూ నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

మర్నాడు వరలక్ష్మి పురుషోత్తంపూర్ వెళ్లిపోతానంది. వచ్చి రెండు నెలలు దాటింది, ఇంటి దగ్గర భర్త ఒక్కరే ఉన్నారు. మోహన్ కొడుకుని ఎత్తుకుని బస్టాండుకి వెంట వెళ్లాడు. తొలకరి వాన పడి వెలిసింది, బస్సుల మధ్య బురద నీళ్లు నిలిచాయి. ఆవిడ కిటికీ సీటులో కూర్చుని మనవడి కాళ్లు ముద్దు పెట్టుకుంది. బస్సు కదలడానికి ఇంకా టైముంది. పిల్లాడు రాగం తీయడం మొదలుపెడితే మోహన్ బస్సు లోపలే నిలబడి, సంచిలోంచి సీసా తీసి పట్టాడు. వాడు రెండు చేతులతో దాన్ని పట్టుకుని తాగుతున్నాడు.

పక్క సీటులో కూరగాయల బుట్ట పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ ఇదంతా చూస్తోంది. మగవాడు నిలబడి పాలు పట్టడం చూసి నవ్వొచ్చినట్టుంది. ఒడియాలో అడిగింది, ఇంత పసివాడి తల్లి ఎక్కడా అని.

వరలక్ష్మి కిటికీ వైపు తిరిగిపోయింది. ఇన్నాళ్లూ ఎవరు అడిగినా జవాబు చెప్పింది ఆవిడో అమ్మడో. మోహన్ కొడుకు మొహం కేసి చూశాడు.

"లేదు మావుసీ," అన్నాడు, ఆమె భాషలోనే. "చనిపోయింది."

ఆ భాషలో చెప్పడం ఎందుకో కొంచెం తేలికైంది. పెద్దావిడ వంగి, బుట్టని కాళ్ల దగ్గరికి లాక్కుని, సీటు మీద జరిగి చోటిచ్చింది. మోహన్ కూర్చున్నాడు. శరత్ తాగడం అయ్యేదాకా బస్సు కదల్లేదు.